పురుగుల గదిలో లారీ రేడియేటరు

1996 డిసెంబరు 14, శనివారం. పెనుకొండ, మా ఇల్లు.

ఉన్నవారు: నేను, నా భార్య, పొద్దున ప్యాసింజరుకు ధర్మవరం నుంచి వచ్చిన మా బావ, మల్బరీ ఆకు కోసిపెట్టే ఆమె. లోపలి గది తట్టల్లో మూడో రోజు పట్టుపురుగులు.

నా డైరీలో ఆ రోజు పేజీ ఇలా మొదలవుతుంది. ముప్ఫై మూడేళ్ళు రెవెన్యూ ఆఫీసులో గుమాస్తాగా పనిచేసినవాణ్ణి. పంచనామా రాసేటప్పుడు తేదీ, స్థలం, హాజరైనవాళ్ళు ముందు పడాలి, తరవాతే సంగతి. ఆ అలవాటు ఇంట్లో డైరీకీ వచ్చేసింది. పురుగుల్ని కూడా హాజరైనవాళ్ళలో ఎందుకు చేర్చారని నా భార్య ఒకసారి అడిగింది. ఆ రోజు మాట్లాడుకున్నదంతా వాటి గురించే కదా, వాటిని వదిలేస్తే పంచనామా చెల్లదన్నాను.

కొలతల పిచ్చి కూడా నాకు ఆఫీసులోనే పట్టింది. కచేరీ ఆవరణలో వాన కొలిచే గొట్టం ఉండేది. రోజూ పొద్దున ఎనిమిదిన్నరకు దాన్ని తీసి చూసి, ఎంత వాన పడిందో రాయడం చాలా ఏళ్ళు నా పని. మా వైపు ఏడాదిలో ఎక్కువ రోజులు రాసేది సున్నాయే. అయినా ఎండాకాలంలో కూడా వెళ్ళి, గొట్టం తీసి, లోపల చూసి, అప్పుడే సున్నా వేసేవాణ్ణి. 1995లో రిటైరయ్యాక కొలవడానికి ఏమీ లేక కొన్నాళ్ళు చేతులు ఊరికే ఉండలేదు. అప్పుడు నా భార్య తన పురుగుల గదిలోని థర్మామీటరును నాకు అప్పజెప్పింది. అది ఆమె నామీద దయతో చేసిన పని అని నాకు ఆలస్యంగా తెలిసింది. అంతకు ముందు ఐదేళ్ళు ఆమె ఆ గదిని థర్మామీటరు వంక పెద్దగా చూడకుండానే నడిపింది.

ఆమెది ధర్మవరంలో మగ్గాల ఇల్లు. పెళ్ళయ్యేదాకా కండెలు చుట్టింది, పోగులు అతికింది. చిన్నప్పటినుంచి పట్టుదారం చేతిలోనే ఉన్నా, ఆ దారం కక్కే పురుగును మాత్రం నలభై ఏళ్ళు దాటేవరకు చూడలేదు. సోమందేపల్లి దగ్గర ఒక పెళ్ళికి వెళ్ళినప్పుడు ఎవరి ఇంట్లోనో తట్టలో పురుగులు గూళ్ళు కట్టుకోవడం చూసి, పెళ్ళి భోజనానికి కూడా రాకుండా అక్కడే కూర్చుండిపోయింది. ఆ తరవాత మా ఎకరం పొలంలో వేరుశనగ మానిపించి మల్బరీ పెట్టించింది. ఇంట్లో లోపలి గది పసి పురుగులకు, ముందు హాలు పెద్దయిన పురుగులకు. మేమిద్దరం హాలులో ఒక మూలకు జరిగాం.

గుడ్డు పగిలి బయటికి వచ్చిన పురుగు చీమంత ఉంటుంది. నల్లగా, సన్నటి వెంట్రుక ముక్కలాగా. దానికి వెచ్చదనం కావాలి. మా వైపు రైతులు ఎనభై డిగ్రీలు అంటారు, మనిషి జ్వరం కొలిచే డిగ్రీల్లోనే. ఎండాకాలంలో తగ్గించుకోవడానికి తంటాలు పడాలి, డిసెంబరులో పెంచుకోవడానికి. పెనుకొండలో చలికాలం పొద్దున్నే రాతిగోడ మీద చెయ్యి పెడితే జివ్వుమంటుంది. అందరిలాగే మేమూ గదిలో బొగ్గుల కుంపటి పెట్టి, తలుపు, కిటికీ మూసేవాళ్ళం. ఆ మూసిన గదిలో నా భార్య రోజుకు నాలుగుసార్లు ఆకు వేసేది. ఒక్కొక్కసారి గంటసేపు లోపలే ఉండేది.

ఆమెకు దగ్గు మొదట చలికాలంలోనే వచ్చేది. తరవాత ఎండాకాలంలో కూడా పోలేదు. 1996 అక్టోబరులో ఆమెను హిందూపురం తీసుకుపోయి డాక్టరుకు చూపించాను. ఆయన వీపుమీద గొట్టం పెట్టి విని, ఇంట్లో ఏం పని చేస్తారని అడిగాడు. చెప్పింది. పొగకూ బొగ్గుల గాలికీ దూరంగా ఉండకపోతే మందులు పనిచెయ్యవని, ఇంకో రెండు చలికాలాలు ఇలాగే గడిస్తే మెట్లెక్కడం కూడా కష్టమవుతుందని మెల్లగా, స్పష్టంగా చెప్పాడు.

తిరుగు బస్సులో ఆమె కిటికీ పక్కన కూర్చుంది. సోమందేపల్లి దాటాక అంది: "ఈ చలికాలం పంట ఒకటి చేస్తా. పొగ లేకుండా చేసే దోవ ఏదైనా ఉంటే చూడండి. ఉంటే ఎప్పటికీ చేస్తా. లేకుంటే సంక్రాంతి లోపల తోట పీకించేయండి. ఎండాకాలం చేసి, చలికాలం మూసి, సగం సగం నాకొద్దు."

ఆమె అలిగి అన్న మాట కాదది. లెక్క తేల్చినట్టు అంది. తోట పీకించడానికి కూలీలతో మాట్లాడవలసింది నేనే కాబట్టి ముందే చెప్పింది, అంతే.

బావ సంగతి ఇక్కడ చెప్పాలి. నా భార్యకు తోడబుట్టినవాడు కాదు. ధర్మవరంలో ఆమె పుట్టింటి గోడకు గోడ ఆనుకున్న ఇంటివాడు, వయసులో ఆమెకన్నా ఏడెనిమిదేళ్ళు పెద్ద. ఆమె అన్నా అని పిలిచేది, కాబట్టి నాకు బావ అయ్యాడు. రైల్వేలో ఫిట్టరుగా చేశాడు. మొదట ఆవిరి ఇంజన్ల దగ్గర, అవి పోయాక నీళ్ళ పైపుల దగ్గర. రిటైరైనా రైలు పాసు ఉండేది. ఊరికే ఇంట్లో కూర్చుంటే పాసుకు తుప్పు పడుతుందని వారానికోసారి మా ఇంటికి వచ్చేవాడు.

డాక్టరు మాట విన్నాక ఆయన మా స్నానాల గది పక్కన ఉన్న రాగి బాయిలరు చుట్టూ రెండుసార్లు తిరిగాడు. దానిలో రోజూ మల్బరీ పుల్లలు, వేరుశనగ పొట్టు వేసి నీళ్ళు కాచుకునేవాళ్ళం.

"బావా, పురుగులకు కావాల్సింది ఎచ్చనా, పొగా?" అని అడిగాడు.

"వెచ్చన."

"మరి పొగను లోపలికి ఎందుకు పిలుస్తాండావు? మంట ఈడనే ఉండనీ. నీళ్ళు కాగి లోపలికి పోతాయి, ఎచ్చన ఆడ ఇడిచిపెట్టి మల్ల ఈడికే వస్తాయి. ఇంజను పని అంతా అదే గదా."

"నీళ్ళు వాటంతటవే పోయి వస్తాయా?"

"పోకుంటే నేను తోస్తాలే."

మరునాడే ఇద్దరం హిందూపురం వెళ్ళాం. లారీలు బాగుచేసే వీధిలో పాత రేడియేటర్లు అతికే షాపులో ఆయన ఒక్కొక్కటీ తీసి, నోటితో ఊది, చెవి దగ్గర పెట్టుకుని విన్నాడు. షాపతను ఓపికగా చూశాడు. చివరకు రెండు పక్కన పెట్టాక అడిగాడు: "ఏ బండికప్పా?"

"ఇంటికి," అన్నాడు బావ.

"ఇంటికి రేడియేటరేందప్పా? మీ ఇల్లు యాడికన్నా పోతాండాదా?"

"పోయేది లేదు. మా చెల్లెలు పురుగులు సాకుతాండాది. వాటికి చలి."

షాపతను నా వైపు చూశాడు. నేను అవునన్నట్టు తల ఊపాను. అతను "మా ఇంటిదాని తట్టు నుంచి కూడా వస్తాండాది ఆ మాట, చలి చలి అని. మీది పనిజేస్తే చెప్పిపోండి," అన్నాడు. ఆ రెండు రేడియేటర్లనూ మళ్ళీ అతికి, నీళ్ళు పోసి చూపించి, బస్సు మీదికి ఎక్కించడానికి తానే వచ్చాడు. ఇన్నేళ్ళ తరవాత కూడా అతని ముఖం గుర్తుంది. డబ్బులు అడగకుండా ఒక గోనెసంచిలో రెండు పాత వాల్వులు కూడా వేసిచ్చాడు.

పని ఐదు రోజులు పట్టింది. బాయిలరును లోపలి గది గోడ వెనక గుంత తీసి దింపాం, రేడియేటర్లకన్నా కిందుగా ఉండేటట్టు. కాగిన నీళ్ళు పైకి లేస్తాయి, చల్లారినవి కిందికి దిగుతాయి, అంతకు మించి తోసేవాళ్ళు అక్కరలేదని బావ నాకు అప్పుడు వివరించాడు. పైపు గోడలోంచి లోపలికి వచ్చి, లోపలి గది రేడియేటరుకు ఒక కొమ్మ, హాలు రేడియేటరుకు ఒక కొమ్మగా చీలింది. రెండింటికీ తలా ఒక వాల్వు. నీళ్ళు కాగి పొంగితే పోవడానికి మిద్దె మీద మూత లేని డబ్బా. లోపలి గది గుమ్మం బయట, పక్కనే ఒక కొళాయి. పురుగుల్ని ముట్టుకునే ముందు నా భార్య వేడినీళ్ళతో చేతులు కడుక్కోవడానికి అది సౌకర్యం. ఈ కొళాయి సంగతి గుర్తుంచుకోవాలి.

మొదటి రోజు రేడియేటరు కింద వెచ్చగా, పైన చల్లగా ఉంది. బావ పైన ఉన్న చిన్న మర వదులు చేశాడు. బుసబుసమని గాలి పోయి, తరవాత నీళ్ళు చిమ్మాయి. పైన కూడా వేడెక్కింది. నా భార్య దాని మీద అరచెయ్యి పెట్టి, తీయకుండా అలాగే నిలబడింది.

వెళ్ళేముందు బావ లోపలి గది వాల్వు చక్రం మీద తెల్ల రంగుతో ఒక గీత గీశాడు. "బావా, ఇది చెప్తాండా, ఇను. తిప్పితే పావు చుట్టు తిప్పు, అంతే. తిప్పినాక పోయి పేపరు చదువుకో. గంట కాంది దీని తట్టు రావొద్దు. ఇనుము ఎచ్చనయ్యేది ఒక లెక్క, గది ఎచ్చనయ్యేది ఇంకో లెక్క. నువ్వు తొందరపడితే రెండూ చెడతాయి."

విన్నాను. డైరీలో కూడా రాసుకున్నాను.

డిసెంబరు 12, గురువారం మధ్యాహ్నం గుడ్లు పగిలాయి. నా భార్య సన్నగా తరిగిన లేత ఆకు చల్లి, పురుగుల్ని తట్టల్లోకి దింపింది. పైన ఎప్పటిలాగే నా పాత పేపర్లు కప్పింది. గదిలో పొగ లేదు. ఆమె గంటసేపు లోపల ఉండి వచ్చింది, కళ్ళు ఎర్రబడలేదు. ఆ సాయంత్రం నాకు అన్నం వడ్డిస్తూ ఊరికే నవ్వింది. థర్మామీటరు సరిగ్గా ఎనభై.

శుక్రవారం పొద్దునకు వేసిన ఆకు వేసినట్టే ఉంది. పురుగులు ఆకు కింద కదలకుండా పడి ఉన్నాయి. పురుగు కదలకపోతే చలి అన్నది మాకు తెలిసిన ఒకే కారణం. థర్మామీటరు చూస్తే డెబ్భై ఎనిమిది. వాల్వు తిప్పాను. పావుగంటకు వచ్చి చూస్తే డెబ్భై ఎనిమిదే. మళ్ళీ తిప్పాను. ఇంకో పావుగంటకు మళ్ళీ. పది దాటాక ఎనభై ఆరు. భయపడి మూసేశాను. మధ్యాహ్నానికి డెబ్భై నాలుగు. హాలు వాల్వు పూర్తిగా మూసి వేడంతా ఇటు పంపాను. సాయంత్రానికి ఎనభై ఎనిమిది. ఆ రోజు డైరీలో ఇరవై రెండు కొలతలు ఉన్నాయి. ప్రతిదాని పక్కన నేను చక్రం ఎటు తిప్పానో కూడా ఉంది. వాన కొలిచినన్నాళ్ళు కొలవడమే నా పని, వానను ఆపడం, కురిపించడం నా చేతిలో లేదు. ఇక్కడ చక్రం చేతికి అందింది. అందిన ప్రతిసారీ తిప్పాను.

సాయంత్రం బజారులో ఎస్‌టీడీ బూతుకు వెళ్ళి ధర్మవరం ఫోన్ చేశాను. బావ ఇంటి ఎదురు కొట్టులో ఫోన్ ఉండేది. ఆయన వచ్చేదాకా పట్టుకుని, పైపుల్లో ఏదో అడ్డం పడిందన్నాను.

శనివారం తొమ్మిదికి ఆయన వచ్చాడు. చెప్పులు బయట విడిచి, చేతులు కడుక్కుని, పైపును అక్కడక్కడ ముట్టుకుని చూశాడు. మిద్దె ఎక్కి డబ్బాలో నీళ్ళు చూశాడు. గాలి పోయే మర వదులు చేశాడు, గాలి లేదు. దిగివచ్చి నన్ను అడిగాడు:

"పేపరు చదివినావా?"

"ఏ పేపరు?"

"నేను చదవమన్న పేపరు. వాల్వు తిప్పినాక."

నా భార్య అందుకుంది: "పేపరు యాడ చదువుతారన్నా. నిన్న పొద్దంతా ఆ చక్రం దగ్గరే. బస్సు నడిపే డ్రైవరు కూడా అన్నిసార్లు తిప్పడు."

"అదే చూస్తాండా. ఇంజను బాగుండాది, డ్రైవరే కొత్తోడు."

ఆయన లోపలి గది వాల్వును తెల్ల గీత దగ్గరకు తెచ్చి, హాలు వాల్వును కూడా కొంచెం తెరిచాడు. మంట ఒకటే కాబట్టి ఒక గదికి పూర్తిగా మూస్తే ఆ వేడంతా ఇంకో గది మీద పడుతుందని, ఎక్కువైనది పోవడానికి ఎప్పుడూ ఒక దోవ ఉంచాలని చెప్పాడు. మంటలో కూడా పొట్టు తగ్గించి మొద్దు పుల్లలు పెట్టించాడు. పొట్టు భగ్గుమని మండి ఆరిపోతుంది, పుల్ల నిలకడగా కాలుతుంది. గంటన్నర కూర్చోబెట్టాడు నన్ను. పదకొండుకు థర్మామీటరు ఎనభై. పదకొండున్నరకూ ఎనభై.

పురుగులు మాత్రం కదలలేదు.

అదీ మాకు నిజంగా భయం వేసిన సమయం. ఇంతవరకూ తప్పు చక్రానిదో నాదో అనుకున్నాం. ఇప్పుడు వేడి సరిగ్గా ఉంది, అయినా పురుగు ఆకు ముట్టడం లేదు. మూడో రోజు కూడా తినకపోతే తట్టలు తీసుకుపోయి పెంటదిబ్బలో వేయడమే. నా భార్య తట్ట ముందు గొంతుక్కూర్చుని, ఈకతో ఆకు ముక్కలు మెల్లగా జరుపుతూ ఉంది.

"కూలోళ్ళకు చెప్పండి," అంది నా వైపు తిరగకుండా.

"ఈ పూట ఆగు."

"ఆగే ఉండాను కదా, రెండు దినాలుగా."

అప్పుడే ఆకు కోసే ఆమె మధ్యాహ్నం మేత ఆకు గంప తెచ్చి గుమ్మం బయట దించింది. తలుపు సందులోంచి తట్టలో చూసి, "అక్కా, ఇదేమి నిన్నటి ఆకా?" అని అడిగింది.

"పొద్దున నువ్వు తెచ్చిందే."

"ఏదీ, ఇట్లియ్యి." నా భార్య చిటికెడు ఆకు ముక్కలు ఆమె చేతిలో పెట్టింది. ఆమె రెండు వేళ్ళ మధ్య నలిపితే పొడి అయిపోయింది. "ఎండిన కరివేపాకు అయిపోయిండాది కదక్కా. దీన్ని మేకకేసినా తినదు. అవి కడుపులో నుంచి పడి మూడు దినాలు కాలేదు, యాడ కొరుకుతాయి?"

మేం ముగ్గురం ఆ పొడి చూశాం. వెచ్చన ఎక్కువై ఎండిందన్నాడు బావ. కానీ కుంపటి పెట్టినప్పుడూ ఇదే ఎనభై, ఆకు సాయంత్రందాకా పచ్చగా ఉండేదంది నా భార్య. అదే తలుపు, అదే కిటికీ, అదే పేపరు కప్పడం. పొగ తప్ప తేడా ఏముందో ఎవరికీ తోచలేదు. పొగకు ఆకును పచ్చగా ఉంచే గుణం ఉందేమోనని కూడా అనుకున్నాం. అదే నిజమైతే కథ అక్కడికి అయిపోయినట్టే.

నేను లేచి బీరువాలోంచి 1995 డైరీ తీశాను. పోయిన ఏడాది ఇదే కాలపు పంట. పేజీకి పేజీ చదివాను. తట్టల సంఖ్య, ఆకు వేసిన వేళలు, ఎనభై, డెబ్భై తొమ్మిది, ఎనభై ఒకటి. ఆ మధ్యలో ఒక వాక్యం: కుంపటి మీద సత్తు గిన్నె అడుగంటింది, నేను నీళ్ళు పోయడం మరిచాను, ఆమె కోప్పడింది. మరునాటి పేజీలో: గిన్నె పొద్దున ఒకసారి నింపాను, సాయంత్రానికి ఖాళీ, మళ్ళీ నింపాను.

ఆ గిన్నె చేతులు కడుక్కునే వేడినీళ్ళ కోసం పెట్టుకున్నది. ఏళ్ళ తరబడి కుంపటి మీదే ఉండేది. చేతులకు వాడిన నీళ్ళు నాలుగు చెంబులు కూడా ఉండవు. మిగిలిందంతా ఆ మూసిన గదిలో ఆవిరై గాలిలో కలిసేది, ఆకు దాంతోనే పచ్చగా ఉండేది. కొత్తగా గుమ్మం దగ్గర కొళాయి వచ్చింది. ఇంక గిన్నెతో పనేముంది? కుంపటితో పాటు దాన్నీ తీసేసి వంటింట్లో పెట్టాం. దగ్గు పోవాలని పొగను బయటికి పంపిన రోజే, తెలియకుండా నీళ్ళను కూడా పంపేశాం. అన్నేళ్ళు వాన కొలిచినవాణ్ణి, నా ఇంట్లో రోజుకు రెండు గిన్నెల నీళ్ళు గాలిలోకి పోతుంటే దాన్ని కొలతగా ఎప్పుడూ అనుకోలేదు.

గట్టిగా చదివాను. బావ విని నెమ్మదిగా అన్నాడు: "ఇంతకాలం ఈయప్ప ఏమి రాస్తాండాడో అనుకుంటి. గిన్నె మాడింది కూడా రాసినావు కదా బావా."

"ఆమె కోప్పడింది కాబట్టి రాశాను."

"చూడమ్మా, నువ్వు కోప్పడింది కూడా పనికొచ్చింది."

తరవాత పని చకచకా జరిగింది. వెడల్పు సత్తు గిన్నెలు రెండు, రేడియేటరు తల మీద ఒకటి, కింద ఒకటి. గోనెసంచులు నాలుగు తడిపి, పిండి, రేడియేటరు ముందు తాడు కట్టి ఆరేశాం. పాత పేపర్లు తీసేసి, తడిపి పిండిన పంచెలు తట్టల అంచుల మీద పరిచాం, ఆకుకు తగలకుండా. ఆకు కోసే ఆమె మళ్ళీ తోటకు పోయి, గంప మీద తడిగుడ్డ కప్పి లేత ఆకు తెచ్చింది. నా భార్య దాన్ని ఎప్పటికన్నా సన్నగా తరిగింది. మధ్యాహ్నం రెండింటికి మేత వేశాం. గదిలోకి అడుగుపెడితే తడిసిన గోనె వాసన, వెచ్చగా. వేరుశనగ కళ్ళంలో వాన పడ్డప్పటి వాసన.

నాలుగింటికి వేలు పెట్టి చూస్తే ఆకు మెత్తగానే ఉంది. పురుగులు తిన్నాయా లేదా అన్నది అంత చిన్న ప్రాణుల్లో అప్పుడే తెలియదు. థర్మామీటరు ఎనభై రెండు. నా చెయ్యి దానంతటదే చక్రం మీదికి పోయింది. నా భార్య చూసింది. లోపలికి వెళ్ళి తన పెట్టెలోంచి ఒక చిన్న కండె తెచ్చింది. పుట్టింటినుంచి వచ్చినప్పుడు తెచ్చుకున్న ఎర్ర పట్టుదారం. దాన్ని చక్రానికి రెండు చుట్లు చుట్టి, పైపుకు కట్టి, మగ్గం మీద పోగు అతికే ముడి వేసింది. ఆ ముడి నాకు వేయడం రాదు. తెంపితే మళ్ళీ కట్టలేను.

"రేపు పొద్దున నేను ఇప్పుతా," అంది.

బావ సాయంత్రం బండికి వెళ్ళిపోతూ ఆ ముడిని వంగి చూశాడు. "రైల్వేలో ఇన్నేండ్లు చేసినా. ఇంత బాగా పనిజేసే తాళం చూడలేదు," అన్నాడు.

ఇక్కడ కొన్ని సంగతులు రాయాలి, లేకపోతే ఈ పేజీ నాకు పూర్తయినట్టు ఉండదు. ఆ రేడియేటర్లు ఆ తరవాత చాలా ఏళ్ళు మా ఇంట్లో ఉన్నాయి. ఒకటి 2003లో కారితే హిందూపురం తీసుకుపోయాను, అదే షాపు, అదే మనిషి. "ఇల్లు ఇంకా ఆడనే ఉండాదా?" అని అడిగి అతికిచ్చాడు. బావ ఇప్పుడు లేడు. ఆయన గీసిన తెల్ల గీత మీద నేను రెండుసార్లు రంగు వేశాను, గీత పక్కకు జరగకుండా. ఆకు కోసే ఆమె ఆ రోజు తలుపు సందులోంచి చూడకుండా గంప దించి వెళ్ళిపోయి ఉంటే మేం పొగనే నమ్ముకుని ఉండేవాళ్ళం. ఆమెకు ఆ మాట చాలాసార్లు చెప్పాను. ఆకు ఎండితే ఎండిందని చెప్పకుండా ఎట్ల పోతాం సార్ అనేది. ఎవరికి ఎంత రుణపడి ఉన్నానో కొలిచే గొట్టం నా దగ్గర లేదు. హాజరైనవాళ్ళ పేరున పైన రాసుకోవడమే నేను చెయ్యగలిగింది.

డిసెంబరు 15, ఆదివారం. పొద్దున ఆరుకు లేచాను. చలి బాగా ఉంది, బాయిలరు గుంత దగ్గర పుల్లలు ఇంకా ఎర్రగా ఉన్నాయి. నా భార్య కొళాయి దగ్గర చేతులు కడుక్కుని, లోపలి గది తలుపు తీసి వెళ్ళి, వెంటనే మూసుకుంది. రోజూ అలాగే చేస్తుంది, వెచ్చన పోకుండా. నేను గుమ్మం బయట నిలబడ్డాను. పోయిన ఏడాది ఇదే వేళకు ఇక్కడే నిలబడితే ఆమె లోపలికి వెళ్ళిన రెండు నిమిషాలకు దగ్గు మొదలయ్యేది. గోడకు ఆనుకుని దగ్గేది, మధ్యలో ఆగి, మళ్ళీ. నేను ఆ దగ్గులు లెక్కపెట్టేవాణ్ణి. డైరీలో మాత్రం రాసేవాణ్ణి కాదు.

ఈసారి చేతి గడియారం చూసుకున్నాను. రెండు నిమిషాలు. ఐదు. పది. లోపలినుంచి పంచె తీసిన చప్పుడు, తట్ట జరిపిన చప్పుడు, గిన్నెలో నీళ్ళు పోసిన చప్పుడు. పన్నెండో నిమిషానికి తలుపు కొంచెం తెరిచి, చెయ్యి మాత్రం బయటికి పెట్టింది. అరచేతిలో రాత్రి వేసిన ఆకు ముక్క ఒకటి. ఇంకా పచ్చగా ఉంది, ఒకవైపు అంతా గీకేసినట్టు పలచబడి, దాని మీద బూడిదరంగుకు తిరిగిన పురుగు ఒకటి తల ఎత్తి అటూ ఇటూ చూస్తోంది.

"ఆకు తెమ్మని చెప్పండి. ఎక్కువ తెమ్మనండి," అంది. "ముడి అట్లనే ఉండాది. ఇప్పేది లేదు ఈ పొద్దు."